ఇంగ్లీషు గురించి వింటే ఇంగ్లీషు వస్తుందా?

భీమవరం వెళ్లినా, అమలాపురం వెళ్లినా 'నెల రోజుల్లో స్పోకెన్ ఇంగ్లీష్' బోర్డు కనపడుతుంది. ఇప్పుడది ఫోన్లోకి ఎక్కింది, అంతే తేడా. మన పిల్లలు గంటలకొద్దీ చూసే వీడియోల్లో మాస్టారు 'హ్యాజ్ బీన్' ఎప్పుడు వాడాలో చక్కగా తెలుగులో చెప్తారు, వీళ్లు తెలుగులోనే అర్థం చేసుకుని, ఒక లైక్ కొట్టి పడుకుంటారు. ఇంతకీ చెవిన పడిన ఇంగ్లీషు ఎంత?

అదే ఫోన్లో పైసా ఖర్చు లేకుండా అసలు సరుకు ఉంది. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వాళ్ల ఆరు నిమిషాల కార్యక్రమం చూడండి, మాటలతో పాటు రాతప్రతీ ఇస్తారు; ముందు కాగితం చూడకుండా ఒకసారి, చూస్తూ ఒకసారి, మళ్లీ చూడకుండా ఇంకోసారి వింటే మొదట గోలగా వినిపించింది విడివిడి మాటలవుతుంది. యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గించుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. చిన్నపిల్లలకైతే 2019లో 'బోలో' పేరుతో మన దేశంలోనే మొదలైన గూగుల్ రీడ్ అలాంగ్ ఉంది, పిల్ల పైకి చదువుతుంటే వింటూ తడబడిన మాట దగ్గర సాయం చేస్తుంది.

వీటన్నిటికన్నా మేం గట్టిగా చెప్పేది వాయిస్ రికార్డర్ గురించి. ఇవాళ ఏం చేశారో ఒక్క నిమిషం ఇంగ్లీషులో చెప్పి, రేపు వినండి. మన గొంతు మనకే నచ్చదు, పర్లేదు. నలుగురిలో నోరు తెరిస్తే 'బట్లర్ ఇంగ్లీష్' అని ఎక్కిరించే ఊళ్లు మనవి, ఫోన్ మాత్రం నవ్వదు.

ఇది కాలేజీ కుర్రాళ్ల ఇంటర్వ్యూ టెన్షన్ ఒక్కటే కాదు. రొయ్యల చెరువు గట్టున మందు డబ్బా మీద ఇంగ్లీషు చదవాల్సిన రైతు సంగతేంటి? కెమెరా పెడితే తెలుగులోకి మార్చి చూపిస్తుంది, నిజమే, కానీ మోతాదు దగ్గర దాన్నే నమ్ముకోవడం మంచిది కాదు, అసలు వాక్యం కూడా కూడబలుక్కోగలగాలి.

చిక్కల్లా చోటు దగ్గరే. ఇంట్లో ఒక్క ఫోన్ ఉంటే ఆడపిల్ల చేతికి వచ్చేసరికి రాత్రి పదవుతుంది, అప్పుడు పైకి మాట్లాడితే నాన్న విసుక్కుంటాడు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదా. ఊరి శాఖా గ్రంథాలయంలో సాయంత్రాలు ఒక గది, వైఫై, నాలుగు హెడ్‌ఫోన్లు అడుగుతున్నాం. ఆ గది తలుపు మాత్రం గట్టిగా మూసుకునేదై ఉండాలి, లోపల తప్పులు మాట్లాడేవాళ్లుంటారు.