సింగపూరుకు మనమిచ్చే మాస్టర్ ప్లాను

పక్కింటివాళ్ళు గిన్నెలో కూర పంపిస్తే ఆ గిన్నెని ఉత్తినే కడిగి తిరిగివ్వకూడదు, కనీసం గుప్పెడు పంచదారైనా వేసి ఇవ్వాలి అనేది మా అమ్మ. 2015లో సింగపూరువాళ్ళు మన అమరావతికి మాస్టర్ ప్లాను గీసి పంపించారు. ఆ కూరలో ఎంత తిన్నాం, ఎంత పారబోశాం, 2019లో వాళ్ళ కంపెనీలతో స్టార్టప్ ఏరియా ఒప్పందం ఎందుకు రద్దయింది, ఇవన్నీ పెద్దల వ్యవహారాలు. నా బెంగల్లా గిన్నె గురించే. ఏళ్ళ తరబడి మన వంటింట్లోనే ఉండిపోయింది. అందుకని సింగపూరు రవాణా వ్యవస్థను బాగుచేసే మాస్టర్ ప్లానొకటి విజయవాడ తరఫున తయారుచేసి పంపుదామని పూనుకున్నాను. ఏకసభ్య సంఘాన్ని వేసిందీ నేనే, ఆ ఏకసభ్యుణ్ణీ నేనే. అధ్యయన యాత్ర ఖర్చు మాత్రం మా అమ్మాయిది. వాళ్ళు సింగపూర్లోనే సెంగ్‌కాంగ్ అనే పేటలో ఉంటారు.

మొదటిరోజే ఆ ఊరి వెనకబాటుతనం కళ్ళక్కట్టింది. నార్త్ ఈస్ట్ లైన్ అని ఒక రైలుంది. 2003 నుంచి డ్రైవరు లేకుండానే నడుస్తోందట. ముందు పెట్టెలోకెళ్ళి అద్దంలోంచి చూశాను. ఎదురుగా సొరంగం, పట్టాలు, అంతే. నా గుండె జారిపోయింది. డ్రైవరన్నవాడే లేకపోతే తెలిసినవాళ్ళు దారిలో చెయ్యెత్తినప్పుడు ఎవరాపుతారు?

మన షేర్ ఆటోలో అలా కాదు. డ్రైవరు కచ్చితంగా ఉంటాడు, ఆయన కూర్చునే చోటే ఉండదు. ముగ్గురు ప్రయాణికులకు పర్మిటిచ్చిన బండి అది. వెనక నలుగురు, వాళ్ళకెదురుగా చెక్క మీద ఇద్దరు ముగ్గురు, ముందు డ్రైవరుకి అటొకరు ఇటొకరు. ఆయన సీటు అంచుమీద ఒక పక్కకి ఒరిగి, గాల్లో సగం, బండిలో సగం ఉంటాడు. హ్యాండిలు ఎడమకి తిప్పాలంటే ఎడమవైపు కూర్చున్న కాలేజీ కుర్రాడు మోకాలు వెనక్కి లాక్కోవాలి. కుడికి తిప్పాలంటే కుడివైపున్న తాపీమేస్త్రి పొట్ట లోపలికి పీల్చాలి. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు. ఒకరినొకరు ఎప్పుడూ చూసి ఎరగని మనుషులు బెంజి సర్కిల్ నుంచి కానూరు దాకా మోకాళ్ళతో, పొట్టలతో కలిసికట్టుగా బండి నడుపుతారు. సింగపూరు కంప్యూటరుకి చేతనయితే ఈ మాత్రం సమన్వయం చూపించమనండి.

ఇక వాళ్ళ రైల్లో నిశ్శబ్దం. ఎవరింట్లోనో పోయినట్టు అందరూ ఫోన్లలోకి తలలు వంచుకుని ఉంటారు. పక్కాయన్ని 'ఏ ఊరండీ' అందామని గొంతు సవరించుకునేసరికి మా అమ్మాయి నా చెయ్యి గిల్లింది. ముప్పావుగంట ప్రయాణించి కూడా ఆయనకి పిల్లలెంతమందో, పెద్దవాడికి సంబంధాలు చూస్తున్నారో లేదో తెలుసుకోలేకపోయాను. మన బస్సులో ఇంత సమయం చిక్కితే వాళ్ళ పొలం తగాదా ఏ కోర్టులో ఉందో కూడా తేలిపోయేది.

అక్కడ తిండి కూడా నేరమే. స్టేషన్లో నిలబడి అలవాటు కొద్దీ వక్కపొడి డబ్బా తీశాను.

"నాన్నా! 500 డాలర్లు!" అంది మా అమ్మాయి పళ్ళ బిగువున.

"ఈ డబ్బాకా? పటమటలో కొన్నానమ్మా."

"జరిమానా నాన్నా. రైల్లో గాని స్టేషన్లో గాని ఏం తిన్నా, మంచినీళ్ళు తాగినా 500 డాలర్ల దాకా వేస్తారు."

మన లెక్కలో ముప్పై వేల పైమాటే. బంగారం మింగినా అంత బాధ ఉండదనిపించి డబ్బా జేబులో పెట్టేసుకున్నాను. ఆ పక్కనే బోర్డు. పొగతాగితే వెయ్యి డాలర్లు, మండే సామాను తెస్తే అయిదు వేలు. దురియన్ పండు, అంటే చూపుకి మన పనసపండుకి చుట్టంలా ఉండేది, అది తేకూడదని బొమ్మ ఉంది గాని, దానికెంతో అంకె వెయ్యలేదు. అంకె వెయ్యని శిక్షంటేనే నాకు ఎక్కువ భయం. చూయింగ్ గమ్ సంగతి చెప్తే నమ్మరు. ఆకతాయిలెవరో రైలు తలుపుల సెన్సర్ల మీద అంటించారని 1992లో దేశం మొత్తం మీద దాని అమ్మకమే ఆపేశారు. రైలు తలుపు కోసం ఒక దేశం నోరు కట్టేసుకుంది. మన బస్సుకి తలుపు పడదు కాబట్టి ఆ బెడద మనకి లేదు.

వాళ్ళ మెట్రోల్లో గోడల మీద కార్టూన్ బొమ్మలుంటాయి. మూవ్ ఇన్ మార్టిన్ అని ఒకడు. లోపలికి జరగండి, తలుపు దగ్గర గుంపుగా నిలబడకండి అని జనానికి నేర్పడం వాడి ఉద్యోగం. పెద్దవాళ్ళకి సీటివ్వమని ఒకామె, గట్టిగా మాట్లాడొద్దని ఇంకొకామె, మొత్తం ఒక కుటుంబమే ఉంది. ఈ పనికి బొమ్మలు గీయించి, అచ్చు వేయించి, అంటించి, ఎంత దుబారా! మన కండక్టరు ఒక్క గొంతుతో చేసే పని కదా అది. "జరగండమ్మా జరగండి, వెనక క్రికెట్ ఆడుకోవచ్చు, అంత ఖాళీ ఉంది!" ఆ వెనక సీట్ల వాళ్ళు ఊపిరి తీసుకోవడానికి వంతులు వేసుకుంటూ ఉంటారనుకోండి, అది వేరే విషయం. అయినా జరుగుతారు. మార్టిన్ మాట విని జరిగినవాణ్ణి ఒక్కణ్ణీ నేను చూడలేదు.

అయితే నిజం నిజంగా చెప్పుకోవాలి. ఒక్క విషయంలో సింగపూరువాళ్ళలో మన రక్తం కనపడింది. అక్కడి హాకర్ సెంటర్లలో, అంటే భోజన హోటళ్ళ సముదాయాల్లో, ఖాళీ బల్ల మీద జేబులోని టిష్యూ పేపర్ల ప్యాకెట్టు పడేసి వెళ్తారు. ఆ బల్ల ఇక వాళ్ళదే. ఎవరూ ముట్టుకోరు. దాన్ని 'చోప్' చెయ్యడం అంటారట. నాకు ఆనందబాష్పాలు వచ్చాయి. బందరు బస్సు ప్లాట్‌ఫారం మీదికి ఇంకా పూర్తిగా రాకముందే కిటికీలోంచి సీట్లోకి కర్చీఫు విసిరే విద్య మనది. నా చిన్నతనంలో మా బాబాయి ఒక్క తువ్వాలుతో మూడు సీట్లు పట్టేవాడు. వీళ్ళు పాపం బల్ల దాకా ఎదిగారు, బస్సు దాకా రాలేదు. శిక్షణ ఇస్తే పైకొస్తారు.

చిల్లర విషయం కాస్త విపులంగా చెప్పాలి, ఎందుకంటే నా ప్లానుకి గుండెకాయ అదే. సింగపూర్లో ఈజీ లింక్ అనే కార్డు తాకిస్తే ఎంత దూరం వెళ్ళారో లెక్కగట్టి సెంట్లతో సహా కోసుకుంటుంది. మనిషికీ మనిషికీ బాకీ ఉండదు. బాకీ లేని చోట బంధం ఎలా ఉంటుంది? ఆ మధ్య నేను సిటీ బస్సులో వందనోటు ఇచ్చాను. కండక్టరు నా టికెట్టు వెనక పెన్నుతో ఎనభై అని రాసిచ్చాడు. దిగే స్టాపు దగ్గరపడుతోంది. ఆయనేమో ఆ చివర, జనం మధ్య, తల కూడా కనపడటం లేదు. చివరికి చేతులు మారుతూ ఒక వందనోటు నా దాకా వచ్చింది, దాంతో పాటు ఒక కేక: "ఎనభై మీకు, ఇరవై ఆ నీలం చొక్కాయనకి. ఇద్దరూ దిగి సర్దుకోండి!" నీలం చొక్కాయన దిగాల్సింది తర్వాతి స్టాపులో. నాతోపాటే దిగాడు. కిళ్ళీకొట్లో అడిగితే ఏదైనా కొంటేనే చిల్లరన్నాడు. చెరొక గోళీసోడా తాగాం. సోడా డబ్బులు ఆయన వాటాలోంచా నా వాటాలోంచా అన్నది తేల్చుకునేసరికి స్నేహితులమైపోయాం. మొన్న వాళ్ళమ్మాయి పెళ్ళికి కూడా వెళ్ళొచ్చాను. ఈజీ లింక్ కార్డు ఎన్నేళ్ళు తాకిస్తే ఒక పెళ్ళి భోజనం దొరుకుతుంది?

ఈ సందర్భంలోనే మనవాళ్ళ మేధస్సు ఒకటి చెప్పుకోవాలి. చిల్లర బాధ తీరడానికి లోకంలో రెండే దారులు. సింగపూరు కార్డు పెట్టింది, మనం సున్నా పెట్టాం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మా ఆవిడ ఆధార్ కార్డు చూపించి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో సున్నా రూపాయల టికెట్టు మీద తిరుగుతోంది. సున్నాకి చిల్లర ఇచ్చిన కండక్టరు గాని, అడిగిన ఆడమనిషి గాని ఇంతవరకు లేరు. టికెట్టు కొన్న నేను నిలబడతాను, కొనని ఆవిడ కూర్చుంటుంది. ఇంట్లోనూ ఇదే పద్ధతి కాబట్టి నాకు కొత్తగా ఏమీ లేదు.

వాళ్ళ కార్ల చట్టం ఇంకా దారుణం. 1990 నుంచీ ఉంది. కారు కొనాలంటే ముందు కారుని ఉంచుకునే హక్కుని వేలంలో పాడుకోవాలి. పదేళ్ళే చెల్లుతుంది. ఈమధ్య దాని ధర లక్ష డాలర్లు దాటిపోయింది. అంటే మన అరవై లక్షల పైన. ఆ డబ్బుకి కారు రాదు, కాయితం వస్తుంది. మా పటమటలో అయితే కారు ముందు కొంటారు, పెట్టుకునే చోటు తర్వాత వీధిలో వాళ్ళంతా కలిసి వెతుకుతారు. రద్దీ రోడ్డు ఎక్కినందుకు కూడా అక్కడ డబ్బు కట్టాలి. 1998లో రోడ్ల మీద ఇనుప తోరణాలు కట్టి, కింద నుంచి వెళ్ళిన ప్రతి బండి దగ్గరా వాటంతట అవే వసూలు చేసుకునే ఏర్పాటు చేశారు. ఇందులో కొత్తేముంది? వినాయక చవితికి పది రోజుల ముందు మా సందులో ఆరో తరగతి పిల్లలు రోడ్డుకడ్డంగా తాడు పట్టుకుని ఇదే పని చేస్తారు. పెట్టుబడి ఒక తాడు. పైగా రసీదిస్తారు, ప్రసాదమిస్తారు.

బుకిట్ పంజాంగ్ అనే చోట చిన్నరైలు అపార్టుమెంట్ల పక్కగా వెళ్ళేటప్పుడు కిటికీ అద్దాలు వాటంతట అవే మసకబారిపోతాయి, లోపలివాళ్ళకి ఇళ్ళలోకి కనపడకుండా. నేను కళ్ళారా చూశాను, అంటే చూడలేకపోయాను. మన ఫ్లైఓవర్ మీద బస్సు కాసేపు ఆగితే రెండో అంతస్తులో ఏ సీరియల్ నడుస్తోందో, పొయ్యి మీద ఏ కూరుందో తెలుసుకుని, ఇంటికెళ్ళి అదే వండమని అడగొచ్చు.

బస్సుల కోసమే ప్రత్యేకంగా రోడ్డు వేసిన ఘనత కూడా మనకుంది. సత్యనారాయణపురంలో ఒకప్పుడు రైలు పట్టాలున్న చోట బీఆర్‌టీఎస్, అంటే బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్, రోడ్డు వేశాం. బస్సు ఎంత వేగంగా పోవాలన్నది దాని పేరులోనే ఉంది. పొద్దున నడకవాళ్ళు, సాయంత్రం టిఫిన్ బండ్లు, మధ్యలో మిగతా ఊరు దాన్ని వాడుకుంటున్నాం. బస్సు ఒక్కటే కాస్త మొహమాటపడుతోంది.

ఇక మెట్రో. సింగపూరువాళ్ళది 1987 నవంబరు 7న ఆరు కిలోమీటర్లతో, అయిదు స్టేషన్లతో మొదలయింది. ఇంత చిన్నగా మొదలుపెట్టడం మనకి నామోషీ. ఢిల్లీ మెట్రోవాళ్ళ చేత మొదటి నివేదిక రాయించాం, తర్వాత లైట్ మెట్రో అనుకున్నాం, 2024లో ఏకంగా 66 కిలోమీటర్లకి ఎదిగాం. మొదటి దశలో గన్నవరం నుంచి బస్టాండుకు, బస్టాండు నుంచి పెనమలూరుకు. కాయితం మీద ఇంతవరకు ఒక్కసారి కూడా చెడిపోలేదు. అక్కడేమో 2024 సెప్టెంబరులో ఈస్ట్ వెస్ట్ లైన్లో కొంతభాగం ఆరు రోజులు ఆగిపోతే దేశమంతా గగ్గోలు. రైలు రాకపోవడం కూడా ఒక వార్తేనా? మన మెట్రోకి అంతా సిద్ధం. రాష్ట్రం ఎక్కి కూర్చుంది, కేంద్రం ఒక్కటి ఎక్కితే బయల్దేరడమే.

ఈ పరిశీలనలన్నీ నలభై పేజీల నివేదికగా రాసి, పెట్టెలో పెట్టుకుని, చెన్నై మీదుగా బస్సులో వచ్చి తెల్లవారుజామున నెహ్రూ బస్టాండులో దిగాను. బయట "పటమట, పటమట, ఆటోనగర్!" అని కేక.

"రండి బాబాయ్ గారూ, ఒక్కరే తక్కువ," అన్నాడు కుర్రాడు.

ఎక్కాను. ఆ ఒక్కణ్ణీ నేనే అనుకున్నాను. ఇంకొక్కరన్నాడు. పూలబుట్టతో ఒకామె ఎక్కింది. కాళ్ళ దగ్గర పెట్టెవద్దు, ఒళ్ళో పెట్టుకుంటే అక్కడ ఇంకొకరు పడతారన్నాడు. పెట్టుకున్నాను. ఇంకొకరు పడ్డారు. తర్వాత ఒకాయన మనవణ్ణి తీసుకుని వచ్చాడు. ఆయన్ని ముందు ఇరికించి, పిల్లాణ్ణి ఎత్తి నా పెట్టె మీద, అంటే సింగపూరు మాస్టర్ ప్లాను మీద, కూర్చోబెట్టాడు.

"పోనివ్వవయ్యా బాబూ ఇంక," అన్నాను పిల్లాడి భుజం పక్కనుంచి తల బయటపెట్టి.

"పోదాం బాబాయ్," అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. "ఒక్కరే తక్కువ."