తలుపు పక్క కుర్చీ

మా పిన్ని కూతురికి థెరపిస్టుని వెతికింది నేను, న్యూజెర్సీలో కూర్చుని. ఔటర్ రింగ్ రోడ్డు మీద జరిగిన యాక్సిడెంట్‌లో దానికి పెద్ద దెబ్బలేం తగల్లేదు. కానీ ఆర్నెల్లు దాటినా లారీ హారన్ వినబడితే చేతులు చల్లబడిపోయేవి. రేటింగులు చూసి, డబ్బు కట్టి, హైదరాబాదులో అపాయింట్‌మెంట్ నేనే తీసుకున్నాను. నాన్నకి బీపీ మిషన్ కూడా ఇక్కణ్ణుంచే ఆర్డర్ పెట్టే అలవాటు కదా మనకి!

మొదటి రోజే ఆయన "మొత్తం చెప్పెయ్యమ్మా, కక్కేస్తే తేలికైపోతావు" అన్నారట. చెప్పింది. బయటికొచ్చాక ఆటో ఎక్కలేక మెట్ల మీద గంటసేపు కూర్చుంది. మళ్లీ వెళ్లనంటే, డాక్టరుగారి మాట వినవే అని నేను రెండు వారాలు పోరాను. డబ్బు పంపినంత మాత్రాన ఎంచుకునే హక్కు మనకి రాదని అప్పటికి నాకు తట్టలేదు.

ఈసారి వేరే థెరపిస్టు కోసం తనే ఫోన్లు చేసింది. చదువు, శిక్షణ సంగతి ముందే అడిగేసింది. క్లినికల్ సైకాలజిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగడంలో తప్పేం లేదు. ట్రామాకి, అంటే ఇలాంటి ఘటన మనసులో మిగిల్చే గాయానికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించిన సీబీటీ (ఆలోచనల తీరుని మార్చే థెరపీ), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ చేదు జ్ఞాపకం మీద పనిచేసే థెరపీ) పద్ధతుల్లో శిక్షణ ఉందా అనీ అడగొచ్చు. మందులు రాయాల్సి వస్తే సైకియాట్రిస్టు వేరే.

అసలు ప్రశ్నలు తర్వాతవి. ఆపమంటే ఆపుతారా? మా అమ్మ ఫోన్ చేస్తే ఏం చెబుతారు? ఒకాయనకి కోపం వచ్చింది. మన దగ్గర డాక్టర్ని ప్రశ్న అడిగితే ఎదురు చెప్పినట్టే లెక్క. ఇంకొకావిడ మాత్రం "మీరు ఒప్పుకోకుండా మీ అమ్మగారికి ఏమీ చెప్పను" అన్నారు. గోప్యత పేషెంటు హక్కని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది, కానీ ఆ మాట మనిషి నోట వినడం వేరు.

ఆవిడ గదిలో మొదట అడిగింది, తలుపు పక్కన కూర్చుంటారా, కిటికీ పక్కనా అని. ఇది తలుపు పక్క కుర్చీ తీసుకుంది. ఆ రోజు యాక్సిడెంట్ ఊసే రాలేదట. నిద్ర గురించి, భయం ముంచుకొచ్చినప్పుడు కాళ్లు నేలకి ఆనించి ఊపిరి తీసుకోవడం గురించి మాట్లాడుకున్నారు. "గాబరైతుంది" అంటే ఆవిడ ఆ మాటే రాసుకున్నారు. మొదటాయన దాన్ని 'యాంగ్జయిటీ' చేశారు. గాబరాలో గుండె దడా, కాళ్ల వణుకూ కలిసే ఉంటాయి.

అందరికీ ఫీజులు కట్టే స్తోమత ఉండదు. హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరుని మనం తిట్టుగా వాడీ వాడీ, ఉన్న ప్రభుత్వ వైద్యాన్ని దూరం చేసుకున్నాం. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

ఫీజు ఇప్పటికీ నేనే పంపుతున్నాను. లోపల ఏం మాట్లాడుకున్నారని మాత్రం అడగను. అడిగినా అది చెప్పదు.