రౌండుకూ రౌండుకూ మధ్య

రాత్రి పదకొండు దాటాక ఆంధ్ర-ఒడిశా సరిహద్దు పట్టణాల ఆసుపత్రుల్లో వార్డంతా ఒకరిద్దరు నర్సుల చేతిలోనే ఉంటుంది. సాయంత్రం రౌండు ముగించుకుని వెళ్లిన డాక్టరు పిలిస్తే తప్ప మళ్లీ వచ్చేది తెల్లవారాకే. రోగి ముఖం పాలిపోతున్నదనీ, ఊపిరి వేగం పెరిగిందనీ, ఇందాక చక్కగా మాట్లాడిన మనిషి ఇప్పుడు అడిగినదానికి తడబడుతున్నాడనీ ఆ మధ్య గంటల్లో కనిపెట్టవలసింది ఆమే. అయితే ఆమె కనిపెట్టినదాన్ని వైద్యంలో భాగంగా చూడకుండా, చెప్పిన పని చేయవలసిన మనిషి తీసుకున్న అదనపు చొరవగా లెక్కగట్టే అలవాటు మన ఆసుపత్రుల్లో పాతుకుపోయింది. పర్లాకిమిడి, బరంపురం మొదలుకొని గుణుపురం, రాయగడ, జయపురం దాకా తెలుగువారు వైద్యానికి వెళ్లే ప్రతిచోటా ఈ అలవాటు పోవాలని మేము కోరుతున్నాము.

ప్రసవమై గంట గడిచిన బాలింత విషయమే తీసుకుందాం. నాడి 84 నుంచి 118కి పెరిగింది, బీపీ పై అంకె మాత్రం 110 దగ్గరే నిలిచింది. ‘బీపీ బాగానే ఉంది’ అనుకుని చార్టు మూసేస్తే అక్కడే ప్రమాదం మొదలవుతుంది. ఒంట్లోని రక్తంలో సుమారు 15 శాతం పోయేసరికే నాడి వేగం అందుకుంటుంది. రక్తనాళాలు బిగుసుకుని బీపీని నిలబెడతాయి కనుక, 30 శాతం దాటితే గాని అది స్పష్టంగా పడిపోదు. పడిపోయేనాటికి చేతిలో మిగిలే వ్యవధి తక్కువ. గుడ్డల్లో ఇంకిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే ఎప్పుడూ తక్కువగానే తోస్తుంది. కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికాలలో 80 ఆసుపత్రులలో జరిపి 2023లో ప్రచురించిన పరిశోధనలో, కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచితో రక్తాన్ని కొలిచి, హద్దు దాటగానే గర్భాశయ మర్దన, గర్భాశయాన్ని బిగించే ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్ వంటివన్నీ ఒక్కసారే మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల కడుపు కోసి చేయవలసి వచ్చే ఆపరేషన్, మరణం, ఈ మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. కొత్త మందు ఒక్కటీ లేదు. మంచం పక్కన ఉన్నవారు ముందుగా పసిగట్టడం, పసిగట్టాక ఎవరి కోసమూ ఆగకపోవడం, ఇవే అక్కడ జరిగిన మార్పు.

మన ప్రాంతంలో ఈ పసిగట్టడానికి భాష కూడా అడ్డమవుతుంది. పర్లాకిమిడి కేంద్రంగా ఉన్న గజపతి జిల్లా వార్డులో ఒక మంచం మీద తెలుగు, పక్క మంచం మీద ఒడియా, ఆ పక్కన సవర వినిపించడం మామూలే. కటకం వైపు నుంచి బదిలీపై వచ్చిన నర్సుకు ‘గుండెల్లో మంట’, ‘గాభరా’, ‘కళ్లు బైర్లు కమ్మాయి’ అన్న మాటల మధ్య తేడా తెలియకపోవడం ఆమె తప్పు కాదు. తర్జుమా చేసేది తరచు పక్కమంచం వారి బంధువు. ఆయన నోట గుండెల్లో మంట కాస్తా గ్యాసుగా మారిపోతుంది. షుగరున్న పెద్దాయన చెమటలు పడుతున్నాయంటే అది షుగరు పడిపోవడమూ కావచ్చు, గుండెపోటూ కావచ్చు. వేలి చుక్కతో షుగరు చూడడానికి, ఈసీజీ తీయడానికి ఆ ఒక్క మాటే ఆధారం. నొప్పులకూ ఆయాసానికీ జనం వాడే నూరు మాటలను తెలుగు, ఒడియా, సవర భాషల్లో ఒక అట్ట మీద రాసి వార్డు గోడకు తగిలించడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు.

ఊరి పేరు సంగతి కూడా ఇలాంటిదే. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, కంచిలి, సోంపేట వైపు నుంచి బరంపురం వెళ్లే రోగులు చాలామంది. ఆ ఉద్దానం గ్రామాల్లో షుగరూ బీపీ లేనివారికి కూడా మూత్రపిండాల జబ్బు విస్తారంగా ఉన్న సంగతి అందరికీ తెలుసు. నడుం నొప్పితో వచ్చినవారికి అలవాటుగా పొడిచే డైక్లోఫెనాక్ అనే నొప్పి ఇంజెక్షన్ దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. సిరంజి చేతిలో ఉండగా ‘మీది ఏ ఊరమ్మా, క్రియాటినిన్ ఎప్పుడైనా చూపించుకున్నారా’ అని, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష గురించి అడిగి, అనుమానం తోస్తే డాక్టరుకు ఫోను చేసే నర్సు ఆదేశాన్ని ధిక్కరించడం లేదు. చిరునామా గడిలో రాసే ఊరు ఇక్కడ వైద్య సమాచారమే.

ఇలాంటి ఆలోచన చదువులోనే అలవడాలి. అమెరికాలో సుమారు ఏడాది చదువుతో వృత్తిలోకి వచ్చే ప్రాక్టికల్ నర్సుల లైసెన్సు పరీక్ష కూడా 2023 ఏప్రిల్ నుంచి మారింది: రోగి పరిస్థితిని విప్పి చెప్పి, ఇందులో ముఖ్యమైన సూచన ఏది, ముందు ఏం చేయాలి, చేశాక ఏం గమనించాలి అని అడుగుతున్నారు. మన దగ్గర సహాయక నర్సు (ఏఎన్‌ఎం) కోర్సుకు రెండేళ్లు, జనరల్ నర్సింగ్ (జీఎన్‌ఎం) కోర్సుకు మూడేళ్లు చదువుంది, వ్యవధికి కొరత లేదు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్త కమిషన్ చట్టం వచ్చింది; పరీక్షల తీరు మార్చడానికి ఇంతకంటే అదను దొరకదు.

చదువు ఎంత మారినా, వార్డులో తీరిక లేని నర్సు దేన్నీ గమనించలేదు. సాధారణ వార్డులో ఆరుగురికి ఒక నర్సు అన్న ప్రమాణం కాగితం మీద దశాబ్దాలుగా ఉంది. తొమ్మిది ఐరోపా దేశాల శస్త్రచికిత్స రోగులపై జరిగి 2014లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో అచ్చైన అధ్యయనం, నర్సుకు ఒక్క రోగి పెరిగినకొద్దీ, చేరిన 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం పెరుగుతున్నట్టు తేల్చింది. అర్ధరాత్రి ముప్ఫై మంచాలకు ఒకే నర్సును వదిలి, తెల్లవారాక ‘ఎందుకు చూడలేదు’ అని సంజాయిషీ అడిగే అధికారులు ముందు ఈ లెక్క చదవాలి.

కాబట్టి ప్రతి వార్డులోనూ రాతపూర్వకమైన హద్దులుండాలి. నాడి ఇంత దాటితే, నిమిషానికి ఊపిరి ఇంత మించితే, మూత్రం ఇంతకు తగ్గితే నర్సు డాక్టరును పిలిచి తీరాలి. అరగంటలో ఆయన రాకపోతే పై అధికారికి చెప్పాలి. ఈలోగా ఆక్సిజన్, సెలైన్, ఆక్సిటోసిన్ మొదలుపెట్టే అధికారం ఆమెకుండాలి. పిలిచాక ఏమీ లేదని తేలినా విసుక్కునే హక్కు ఎవరికీ ఉండరాదు. నిద్ర లేపినందుకు ఒకసారి చీవాట్లు తిన్న నర్సు రెండోసారి ఫోను చేసే ముందు గడియారం వైపు చూస్తుంది.

ఇక రిఫర్ చీటీ. పర్లాకిమిడి నుంచి బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రికి దారి వంద కిలోమీటర్లు దాటుతుంది, శ్రీకాకుళం అంతకంటే దగ్గర. రోగి ఏ వైపు వెళ్తాడో చివరి నిమిషం దాకా ఇంటివారికే తెలియదు. అవతలి ఆసుపత్రి చేతికందేది సాధారణంగా పేరు, వయసు, ‘పై చికిత్సకు’ అన్న ఒక్క ముక్క. బయలుదేరే ముందు నాడి, బీపీ, ఊపిరి, మూత్రం ఎంత, ఏ మందు ఎంత మోతాదులో ఏ గంటకు ఇచ్చారు, చివరి గంటలో ఏది మారింది అన్నవి చివరగా చూసిన నర్సు చేత రాయించి, సంతకం చేయించి, అంబులెన్సు ఎక్కించేలా గజపతి, శ్రీకాకుళం జిల్లాల ఆరోగ్య శాఖలు ఒకే నమూనా చీటీని వెంటనే అచ్చు వేయించాలి.