హెచ్‌-4 వర్క్ పర్మిట్లు రద్దయ్యాయట, ఎవరు చేశారు?

పెళ్లి సంబంధాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: అమెరికా సుప్రీంకోర్టు హెచ్‌-4 వర్క్ పర్మిట్లు కొట్టేసింది (హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చే వీసానే హెచ్‌-4). హెచ్‌-1బీ అబ్బాయిని చేసుకున్న అమ్మాయి అక్కడ ఉద్యోగం చెయ్యకూడదు, చదవకూడదు, బ్యాంకు ఖాతా కూడా తెరవకూడదు. భార్యాపిల్లలకు తలా లక్ష డాలర్లు కట్టాలి. మొగుడికి కోపమొస్తే ఒక్క ఫోన్‌తో వీసా క్యాన్సిల్. "ఆడపిల్లల తల్లిదండ్రులందరికీ పంపండి" అని చివర్లో ఉంది కాబట్టి అందరూ పంపేస్తున్నారు.

సుప్రీంకోర్టు ఏదీ కొట్టెయ్యలేదు. ఒబామా హయాంలో, 2015 మే 26 నుంచి అమల్లోకి వచ్చిన, కొందరు హెచ్‌-4 వాళ్లను ఉద్యోగం చేసుకోనిచ్చే నిబంధన మీద 'సేవ్ జాబ్స్ యూఎస్ఏ' అనే సంఘం కోర్టుకెక్కింది. సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్‌లో ఐటీ ఉద్యోగాలు పోయినవాళ్లు పెట్టుకున్న సంఘం అది. 2023 మార్చిలో జిల్లా కోర్టులో ఓడిపోయారు, 2024 ఆగస్టులో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయారు. 2025 అక్టోబరులో వాళ్ల పిటిషన్ విననని సుప్రీంకోర్టు చెప్పేసింది. "సుప్రీంకోర్టు తిరస్కరణ" అన్న హెడ్డింగు చదివి, దేన్ని తిరస్కరించిందో చూడకుండా ఎవరో అందుకున్నట్టున్నారు. ట్రంప్ మొదటి విడతలో 2017 నుంచీ రద్దు చేస్తామంటూనే ఉన్నారు, ముసాయిదా కూడా అచ్చు కాలేదు, 2021 జనవరిలో ఆ ప్రతిపాదనే వెనక్కి పోయింది. మళ్లీ ప్రయత్నించరని నేననను. ప్రయత్నించినా ముసాయిదా ప్రకటించాలి, జనం అభిప్రాయాలు తీసుకోవాలి. రాత్రికి రాత్రి జరిగే పని కాదు.

అలాగని "హెచ్‌-4 వస్తే దిగిన మర్నాడే ఉద్యోగం" అని ఎదురు మెసేజ్‌లు పెట్టేవాళ్లదీ తప్పే. అది ఎల్‌-2 వాళ్లకు, అంటే కంపెనీ బదిలీ మీద అమెరికా వెళ్లినవాళ్ల భార్య లేదా భర్తకు. హెచ్‌-4కి ఈఏడీ (వర్క్ పర్మిట్ కార్డు) రావాలంటే భర్త ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉండాలి, లేదా గ్రీన్‌కార్డు ఫైలింగ్ ఆధారంగా అతని హెచ్‌-1బీ ఆరేళ్లు దాటి పొడిగించి ఉండాలి. రెండూ లేకపోతే ఏళ్ల తరబడి ఇంట్లోనే. సంబంధం మాట్లాడేటప్పుడు జీతమెంత, ఇల్లు కొన్నాడా అని అడుగుతారు, ఐ-140 సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు. నిజానికి అమ్మాయి ఉద్యోగం దాని మీదే ఆధారపడి ఉంది.

ఫార్వర్డ్‌లో లేని అసలు దెబ్బ ఇంకోటుంది. ఈఏడీ కార్డు గడువు ఆమె ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువును దాటదు, ఐ-94 పొడిగింపు భర్త హెచ్‌-1బీ పొడిగింపును బట్టి ఉంటుంది. మూడూ కలిపి పంపినా ప్రీమియం ప్రాసెసింగ్ (అదనపు ఫీజు కట్టి త్వరగా తేల్చుకునే వీలు) భర్త పిటిషన్‌కే ఉంది, ఆమె హెచ్‌-4కీ ఈఏడీకీ లేదు. అతని అప్రూవల్ రెండు మూడు వారాల్లో చేతికొస్తే, ఆమెవి నెలల తరబడి నానుతాయి. 2025 అక్టోబరు 30 నుంచి దాఖలు చేసిన రెన్యూవల్స్‌కు ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ (కొత్త కార్డు వచ్చేలోపు పాతదాని గడువు దానంతటదే పెరగడం) కూడా తీసేశారు. కార్డు మీద తేదీ దాటిన మర్నాడు లాగిన్ అవ్వకూడదు, కంపెనీ ఆమెను జీతం లేని సెలవులో పెట్టొచ్చు, తీసెయ్యనూ వచ్చు. రద్దు అన్న మాట లేకుండానే ఉద్యోగాలు ఇలా పోతున్నాయి.

చదువుకోకూడదన్నది శుద్ధ అబద్ధం. హెచ్‌-4 మీద డిగ్రీ, మాస్టర్స్ ఏదైనా చదవొచ్చు, ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా అక్కర్లేదు. చదువయ్యాక ఓపీటీ (ఎఫ్‌-1 వాళ్లకు కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి) మాత్రం ఉండదు. ఈఏడీ లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు గానీ, పాస్‌పోర్టు చూపిస్తే ఖాతా తెరిచే బ్యాంకులు చాలానే ఉన్నాయి.

లక్ష డాలర్ల సంగతి: 2025 సెప్టెంబరు 19న వచ్చిన ప్రకటన కొత్త హెచ్‌-1బీ పిటిషన్లకు సంబంధించింది, కట్టాల్సింది కంపెనీ. అందులో హెచ్‌-4 ఊసే లేదు.

ఇక మొగుడి ఫోన్. ఫోన్ చేస్తే వీసా రద్దు చేసే కౌంటరేదీ లేదు. కానీ విడాకులు మంజూరైతే హెచ్‌-4 హోదా పోతుంది, అతని ఉద్యోగం పోయినా అరవై రోజుల గ్రేస్ పీరియడ్ లోపు ఇద్దరూ ఏదో ఒక దారి చూసుకోవాలి. ఈ నిజాన్ని చూపించి బెదిరించే భర్తలున్నారు, పాస్‌పోర్టు దాచిపెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ బెదిరింపులకు ఈ ఫార్వర్డ్ ఇంకాస్త బలమిస్తోంది, నాకు కోపం అందుకే. కొట్టినా, క్రూరంగా హింసించినా భార్య తన పేరు మీదే ఐ-765వీ ఫారం వేసుకుని వర్క్ పర్మిట్ అడగొచ్చు, భర్త సంతకం అక్కర్లేదు. 2005 నాటి చట్ట సవరణ ఇచ్చిన హక్కు ఇది. హింస కారణంగా విడాకులైనా, రెండేళ్లు దాటకపోతే అర్హత ఉంటుంది. ఐ-94 కాపీ పాస్‌పోర్టు వివరాలతో సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు విభాగం) సైటులో ఎవరికి వాళ్లు దించుకోవచ్చు. ఇద్దరి ఐ-797 (అప్రూవల్ నోటీసు) కాపీలు మాత్రం సఖ్యంగా ఉన్నప్పుడే అడిగి తీసుకుని, తన సొంత ఈమెయిల్‌లో పెట్టుకోవాలి.