గంగకు మైల అంటదు, మురికి అంటుతుంది

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది: "న్యూజిలాండ్ ఒక నదికి మనిషి హోదా ఇచ్చింది. ముట్టుకుంటే జైలే. నదిని తల్లి అనడం మన దగ్గరే నేర్చుకున్నారు. ప్రకృతిని పూజించే మనకు పర్యావరణ చట్టాలు దేనికి? గంగమ్మకు హోదా ఇస్తే మన సుప్రీంకోర్టే కొట్టేసింది." పంపింది మా బాబాయి. గ్రూపులో గొడవెందుకని ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర నేర్చుకున్నారన్నది ముందు చూద్దాం. ఆ నది వాంగనుయి, పొడవు 290 కిలోమీటర్లు. ఒడ్డున బతికే మావోరి తెగలు (న్యూజిలాండ్ ఆదివాసులు) నది తమదంటూ 1870ల నుంచే అర్జీలు పెట్టుకున్నాయి. 1938లో కోర్టుకెక్కాయి. 2014లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి, 2017లో చట్టమైంది. "నేనే నది, నదే నేను" అన్నది వాళ్ల సామెత. నూట నలభై ఏళ్లు పోట్లాడి తెచ్చుకున్నదాన్ని మన ఖాతాలో రాసుకోవడం ఏం మర్యాద?

జైలు సంగతి ఉత్తమాట. ఆ చట్టం నదిని మనిషిని చేయలేదు, చట్టం దృష్టిలో 'వ్యక్తి'ని చేసింది. మనకిది కొత్తేం కాదు; గుళ్లో దేవుడి పేరున మాన్యాలుంటాయి, దేవుడి తరఫున దావాలు వేస్తారు. వాంగనుయి తరఫున మాట్లాడేందుకు ప్రభుత్వం ఒకరిని, తెగలు ఒకరిని ఎంపిక చేస్తాయి. నది బాగు కోసం 3 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల నిధి పెట్టారు. ఎగువన నీటిని మళ్లించే కరెంటు ప్రాజెక్టు మాత్రం ఆగలేదు. పాత అనుమతుల జోలికి చట్టం పోలేదు.

నా అసలు పేచీ "ప్రకృతిని పూజించే మనకు చట్టాలు దేనికి" అన్న మాటతో. నది పవిత్రమని మనమూ అంటాం, వాళ్లూ అంటారు. కానీ ఆ రెండు పవిత్రాలూ ఒకటి కాదు. మనకు గంగ ఎంత పవిత్రమంటే ఏ మైలా దానికి అంటదు, అన్ని మైలలనూ అదే కడుగుతుంది. చెంబుడు నీళ్లు పోసుకుంటూ "గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి" అంటే పంపు నీళ్లూ గంగే. నేనూ చదువుతాను ఆ శ్లోకం. చిక్కల్లా మైల అంటదు కాబట్టి మురికీ అంటదనుకోవడం దగ్గరొస్తుంది. మావోరీల లెక్క వేరు. నదికి 'మౌరి' అనే జీవశక్తి ఉందని, మురుగు కలిస్తే అది దెబ్బతింటుందని వాళ్ల నమ్మకం. శుద్ధి చేసిన మురుగునీటిని కూడా నేరుగా నదిలో వదలొద్దు, ముందు నేలలోంచి పోనివ్వండి అని పట్టుబడతారు. వాళ్ల భక్తి డ్రైనేజీ పైపు దాకా వెళ్లింది. మనది స్నానఘట్టం మెట్ల దగ్గర ఆగిపోయింది.

2025 కుంభమేళాలో చూశాం కదా. ప్రయాగ్‌రాజ్ నీళ్లలో మలసంబంధ బ్యాక్టీరియా స్నానానికి ఉన్న హద్దు దాటిందని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి హరిత ట్రిబ్యునల్‌కు చెప్పింది. హద్దంటే 100 మిల్లీలీటర్లకు 2,500. ఆ నీళ్లు ఆచమనానికి కూడా పనికొస్తాయని యూపీ ముఖ్యమంత్రి అసెంబ్లీలో అన్నారు. ల్యాబు లెక్కకు జవాబుగా పూజ గదిలో మాట. కాన్పూర్ తోళ్ల కర్మాగారాల మురుగును శుద్ధి చేయించడానికి 1987లో సుప్రీంకోర్టు ఆర్డరే కావాల్సి వచ్చింది, హారతి సరిపోలేదు.

ఇక ఆఖరిది. గంగ హోదాను సుప్రీంకోర్టు కొట్టేయలేదు, స్టే ఇచ్చింది, అంటే అమలును ఆపింది. న్యూజిలాండ్ చట్టానికి ఆమోదముద్ర పడిన 2017 మార్చి 20నే ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలకు వ్యక్తి హోదా ఇచ్చింది. జూలై 7న స్టే వచ్చింది. అడిగింది ఆ రాష్ట్ర ప్రభుత్వమే: వరదలో జనం నష్టపోతే దావా ఎవరి మీద వేస్తారు, పక్క రాష్ట్రాల్లో పారే నీటికి మేమెలా జవాబుదారీ అని. న్యాయమైన ప్రశ్నలే. అమ్మా అని మొక్కే నదికి హైకోర్టు ముగ్గురు అధికారులను అమ్మానాన్నల స్థానంలో పెట్టింది. ఆ పెంపకం మావల్ల కాదని సర్కారు ఢిల్లీ వెళ్లింది.