పెన్నలో ఇన్ని నీళ్లా?

మా హాల్లో సోఫా వెనక గోడకి చెమ్మ దిగి, పెచ్చులు లేచి, అచ్చం శ్రీలంక మ్యాపులా తయారైంది. దాన్ని కప్పేందుకు ఏదైనా పటం తెమ్మని మా ఆవిడ పురమాయిస్తే, సంతపేటలో ఒక పాత సామాన్ల అంగడికి పోయాను. కాలు విరిగిన బీరువా వెనక దొరికింది. నది, ఒడ్డున చెట్లు, దూరంగా గోపురం. కింద మూలన ఇంగ్లీషులో సంతకం. మొదటి అక్షరం డి. రెండోది ఆర్ కావాలని నేను గట్టిగా కోరుకున్నాను.

దామెర్ల రామారావు! 1925లో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండా పోయిన రాజమండ్రి చిత్రకారుడు, మహానుభావుడు. ఆయన బొమ్మ నెల్లూరు బీరువా వెనక్కి ఎట్లా వచ్చిందన్న అనుమానం నాకు రాలేదు, నేనూ రానివ్వలేదు. మొహంలో ఆశ కనపడకుండా ఆవలిస్తూ ధర అడిగాను. 1,800 అన్నాడు, 1,200కి తెగింది. ఆవలింతకి 600 గిట్టింది.

ఇంటికి తేగానే పక్కింటి బాబాయి వచ్చాడు.

"ఏంది అబ్బయ్యా ఇది?"

"మన పెన్న, బాబాయ్. అదిగో రంగనాయకుల గుడి గాలిగోపురం."

"ఒడ్డు నుంచి ఒడ్డుకి నీళ్లా? 2021 నవంబరు వరదలో చూశా, అయ్యీ ఎర్రటి బురద. ఇదేంది, ఇంకు పోసినట్టుండాది? ఆ యెనక కొండలేంది?"

"మబ్బులు."

"మబ్బులకి మంచు పట్టిందా?"

నేను పట్టించుకోలేదు. పాత బొమ్మల మీది మురికిని మ్యూజియాల్లో కూడా ఉమ్మితో తడిపిన దూదితోనే తుడుస్తారని ఎక్కడో చదివాను. ఇయర్ బడ్ నోట్లో పెట్టి సంతకం మీద సుతారంగా రుద్దుతున్నాను. సరిగ్గా అప్పుడే కాఫీ తెచ్చిన మా ఆవిడ, "ఛీ, గుడి బొమ్మ మీద ఎంగిలా!" అని కేక పెట్టింది. ఉలిక్కిపడి చూస్తే పటం మీద డి లేదు, ఇయర్ బడ్‌కి అంటుకుని ఉంది. స్కెచ్ పెన్ను!

పంచాంగం చూసే భూతద్దం తెచ్చి పెట్టాను. నది నిండా చుక్కలే. నీలం, గులాబీ, పసుపు, నలుపు. అచ్చేసిన బొమ్మ మీద, కుంచె గీతల్లా కనపడేందుకు గాజులాంటి జిగురేదో పూశారు. వెనక్కి తిప్పితే స్టాప్లర్ పిన్నులు మిలమిలలాడుతున్నాయి. సముద్రపు గాలికి మా గేటు గొళ్లెం ఏడాదికే తుప్పు పట్టింది. పిన్నులు చూసి బేరమాడి ఉండాల్సింది, ఆవలించడంలో పడిపోయాను.

పోనీ, గోడకన్నా పనికొస్తుందని మేకు పెట్టి సుత్తితో ఒక్కటేశాను. బొళబొళమని ఇటుకలు కనపడేంత పెచ్చు ఊడి సోఫా మీద పడింది. శ్రీలంక కాస్తా ఆస్ట్రేలియా అయింది.

మా ఆవిడ దుమ్ము దులుపుకుంటూ పటాన్నీ గోడనీ మార్చి మార్చి చూసింది.

"ఈసారి దుప్పటంత పటం తెండి. సంతకం లేకపోయినా పర్లేదు."