లార్డాల్ సొరంగం గారికి, వరంగల్ అండర్ బ్రిడ్జి పక్కనుంచి

నార్వే కొండల్లో కొలువున్న లార్డాల్ సొరంగం గారికి నమస్కారాలు.

మా మేనల్లుడు ఉద్యోగం మీద మీ దేశం వచ్చి, మీ కడుపులోంచి కారులో పోతూ తీసిన వీడియో పంపాడు. ఇరవై నిమిషాలు. రెండో నిమిషానికి మా ఆవిడ నిద్రపోయింది, ఐదో నిమిషానికి నేను. 24.5 కిలోమీటర్లు మరి! మా దగ్గరైతే కాజీపేటలో దూరి, అటూ ఇటూగా స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర తేలినట్టు. 2000లో మీరు తెరుచుకున్నప్పటి నుంచి ఇంత పొడుగు రోడ్డు సొరంగం ఇంకోటి రాలేదట.

డ్రైవర్లకు కునుకు పడుతుందని మానసిక నిపుణులను అడిగి, ఆరేసి కిలోమీటర్లకు ఒకటి చొప్పున మూడు పెద్ద గుహలు తొలిపించి, నీలి లైట్లు పెట్టించుకున్నారు. అంచుల్లో పసుపు వెలుగు, తెల్లవారుతున్నట్టు. ఎంత దుబారా! మా రైల్వే అండర్ బ్రిడ్జిని అడిగితే ఊరికే చెప్పేది. నడుమ గుంత, ఎదురుగా రాంగ్ రూట్‌లో ఆటో, పైన రైలు పోతుంటే నెత్తిన పడే చుక్కలు (అవి ఏ నీళ్లో అడగొద్దు). ఇన్నేళ్లలో లోపల ఒక్కడు నిద్రపోయిన దాఖలా లేదు.

అయినా ఆ గుహలు మాకుంటే మూడో రోజుకే ఒకదాంట్లో ప్రీ వెడ్డింగ్ షూట్, ఒకదాంట్లో మిర్చి బండి, మిగిలినదాంట్లో ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ.

మీ గోడకున్న ఎమర్జెన్సీ ఫోన్ ఎత్తితే 'వెనక్కి తిరిగి బయటికి పో' అని బోర్డు వెలుగుతుందట. ఎన్ని బండ్లు లోపలికి పోయాయో, ఎన్ని బయటపడ్డాయో లెక్క కూడా ఉంటుందట. మాకూ ఉంది ఆ ఏర్పాటు: పాన్ డబ్బా అన్న. వాన పడితే చాలు, స్టూలు మీద కూర్చుని "అటు పోకన్నా, బండి ఆగిపోతది" అని అరుస్తాడు. వినకుండా పోయినవాళ్లను లెక్కపెడతాడు, బండి నెట్టుకుంటూ తిరిగొచ్చినవాళ్లనూ లెక్కపెడతాడు. మొన్న ఆయన లెక్కలో నేనూ ఒకణ్ని. మెకానిక్ 600 తీసుకున్నాడు.

ఒక్క విషయంలో మాత్రం కుళ్లుకుంటున్నా. మీ లోపలి గాలిలో దుమ్మూ పొగా తీసేయడానికి ప్లాంటే ఉందట. మాకు నీళ్లు తోడే మోటారు ఉంది. వాన వెలిశాక తెస్తారు, కరెంటు వచ్చాక వేస్తారు. ఆ లోపు సగం పని ఎండే చేసిపెడుతుంది.

ఇక ఆపుతున్నా. ములుగు రోడ్డు వైపు మబ్బు పట్టింది. పాల బూత్ బ్రిడ్జికి అవతలి పక్కన ఉంది.

ఇట్లు,
ప్యాంటు మోకాళ్ల దాకా మడిచిన
మీ శ్రేయోభిలాషి